వర్చువల్ మెషీన్‌లో డిస్కు కొలత మార్చుట

ఇటీవల మాకు అందుచున్న శ్రోతల లేఖలలో ఒక ప్రశ్న పలుమారులు కనబడుచున్నది. "మా వర్చువల్ మెషీన్‌కు తొలుత 40 గిగాబైట్ల డిస్కు ఇచ్చితిమి. అది నిండిపోగా సెట్టింగులలో 100 అని మార్చితిమి. యంత్రమును తిరిగి నడిపి చూచిన, లోపల ఇంకను 40 గానే చూపుచున్నది. తక్కిన 60 ఎక్కడికి పోయినవి?" అని అడుగువారు కొందరు. మరికొందరు ఇందుకు విపరీతముగా, పెద్దదిగా ఇచ్చిన డిస్కును చిన్నది చేయబోయి, లోపలి దస్త్రములు చెడిపోయిన పిమ్మట వ్రాయుచున్నారు. మొదటివారికి సమాధానము సులభము. రెండవవారికి జవాబు వ్రాయుట మాకు కష్టముగానున్నది. ఏలయన పోయినదానిని రప్పించు ఉపాయము చాలసార్లు ఉండదు. ఈ రెండు రకములవారి చిక్కునకును మూలమొక్కటే కాబట్టి ఆ సంగతిని కొంత విపులముగా చెప్పదలచితిమి.

వర్చువల్ మెషీన్ అనగా ఒక యంత్రములో మరియొక యంత్రము. మన బల్లమీదనున్న కంప్యూటరు ఒకటే. కాని దానిలో నడచు ఒక ప్రోగ్రాము, ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు కార్డు అన్నియు గల వేరొక కంప్యూటరు ఉన్నట్లు చూపును. అందు స్థాపించిన ఆపరేటింగ్ సిస్టమునకు తాను అద్దెయింట నున్నానని తెలియదు. సొంత యింటనే ఉన్నాననుకొనును. వెలుపలి యంత్రమును హోస్టు అనియు, లోపలి దానిని గెస్టు అనియు అందురు. కొందరు దీనికి మిథ్యాయంత్రము అని పేరు పెట్టుచున్నారు. ఆ మాట మాకంతగా రుచింపలేదు. అందులో వేసిన లెక్క నిజమైన లెక్కయే. అందులో పోయిన దస్త్రము నిజముగా పోయిన దస్త్రమే. ఇక మిథ్య ఏమున్నది? అందరి నోట నున్న మాటనే మేమును వాడెదము.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. అమెరికాలో మెసాచుసెట్స్ రాష్ట్రమునందలి కేంబ్రిడ్జిలో ఐ.బి.యం. వారి శాస్త్రకేంద్రమున, రాబర్ట్ క్రీసీ నాయకత్వమున 1964లో ఆరంభమైన సి.పి.-40 అను ప్రయత్నము 1967 జనవరి నాటికి పనిలోనికి వచ్చినది. ప్రత్యేకముగా మార్పు చేసిన ఒక్క సిస్టం-360 యంత్రమును అది పదునాలుగు యంత్రముల వరకు ఉన్నట్లు చూపి, ఒక్కొక్కదానికి 256 కిలోబైట్ల మెమరీ కలదని నమ్మించెడిది. ఆ రోజులలో యంత్రము వెల అపారము. పలువురు పంచుకొనక తప్పదు. డిస్కును గూడ ముక్కలు చేసి, మినీడిస్కులని పేరిడి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చెడివారు. నిజమైన డిస్కుపై వరుసగా నున్న సిలిండర్లలో ఫలానా సంఖ్య నుండి ఫలానా సంఖ్య వరకు నీది అని హద్దు వ్రాసి యిచ్చుటయే మినీడిస్కు. పక్క ముక్క వేరొకరిదైనపుడు మన ముక్క పెరుగుటకు దారి లేదు. వేరొకచోట పెద్ద ముక్క తీసికొని, దస్త్రములను అచటికి చేరవేసి, పాతదానిని వదలుకొనవలసినదే. ఈ మోటు పద్ధతిని పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన. దీనితో మనకు మరల పని కలదు. 1972 ఆగస్టులో వి.యం.-370 ప్రకటింపబడుటతో ఈ విద్య ఎన్నో సంస్థలకు చేరినది. 1999లో వి.యం.వేర్ వర్క్‌స్టేషన్ వెలువడుటతో సామాన్యుని బల్లమీదికి దిగివచ్చినది. నేడు వర్చువల్‌బాక్స్, హైపర్-వి, క్యూఎము వంటి పేర్లు కళాశాల విద్యార్థులందరికి పరిచితములు.

నేటి గెస్టుకు మనమిచ్చు డిస్కు, నిజమునకు, హోస్టు డిస్కులోని ఒక దస్త్రము. అందు రెండు జాతులు కలవు. మన పల్లెలలో ధాన్యము నిలువచేయుటకు గాదె యుండెడిది, పురి యుండెడిది. గాదె కట్టిననాడే చోటంతయు ఆక్రమించుకొనును. గింజ ఒక్కటి లేకున్నను దాని కైవారము తగ్గదు. పురి అట్లు కాదు. గడ్డివెంటిని చుట్టుచు, ధాన్యము పోయుచు నున్నకొలది పైకి లేచును. స్థిర పరిమాణపు డిస్కు గాదె. అవసరమును బట్టి పెరుగు డిస్కు పురి. 100 గిగాబైట్ల పురికి ఆజ్ఞ ఇచ్చినను మొదటి దినమున హోస్టుపై అది కొన్ని మెగాబైట్లకు మించి పట్టకపోవచ్చును. 100 అనునది అది దాటరాని గీత మాత్రమే.

ఐతే ఈ పోలిక ఒకచోట చెడును. పురిలోని ధాన్యము తీయుకొలది వెంటిని విప్పుకొనుచు వత్తుము. డిస్కు తనంతట విప్పుకొనదు. గెస్టులో 30 గిగాబైట్ల దస్త్రములు తుడిచివేసినను హోస్టుపై దాని పరిమాణము అట్లే యుండును. తుడిచివేత యనగా గెస్టు తన పద్దులో ఈ చోటు ఖాళీ అని వ్రాసికొనుట మాత్రమే. ఆ సంగతి హోస్టుకు ఎవరును చెప్పలేదు. చెప్పుటకు ట్రిమ్ అను ఆజ్ఞ కలదు. దానిని గెస్టు పంపవలెను, నడుమనున్న కంట్రోలరు అందుకొనవలెను, హోస్టు దానిని పాటింపవలెను. ముగ్గురిలో ఒకరు పెడచెవిని పెట్టినను చోటు తిరిగి రాదు.

కొలతలు ఎందులకు మార్చవలసి వచ్చునో తెలియుటకు మా పనిలోని లెక్క యొకటి చెప్పెదము. ధ్వనిని సెకండుకు 48,000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 24 బిట్లలో వ్రాసి, స్టీరియోగా రెండు మార్గములలో దాచినచో సెకండుకు 2,88,000 బైట్లగును. నిమిషమునకు 17 మెగాబైట్లకు పైబడును. గంటకు ఒక గిగాబైటును కొంచెము మించును. 40 గిగాబైట్ల డిస్కులో ఆపరేటింగ్ సిస్టమునకు, ఇతర ప్రోగ్రాములకు 15 పోగా మిగిలిన 25లో పట్టునది ఇరువదినాలుగు గంటల శబ్దము. అనగా ఒక్క పగలును ఒక్క రాత్రియు. పాత టేపులనుండి హరికథలను, బుఱ్ఱకథలను, నాటికలను, ప్రసంగములను ఎక్కించుకొను చోట అట్టి డిస్కు ఎన్నాళ్లు సరిపోవును? పైగా టేపుపై పూత ఏటేట రాలిపోవుచున్నది. కొన్ని టేపులు ఒకమారు ఆడించిన పిమ్మట రెండవమారు ఆడింపదగిన స్థితిలో ఉండవు. గాయకుడు లేడు, టేపు లేదు. ఆ కంఠమునకు మిగిలినది డిస్కుపై నున్న దస్త్ర మొక్కటియే. కొలత మార్చుట అను ఈ చిన్న పని కొన్నివేళల ఎంత పెద్ద పనియో దీనిని బట్టి ఊహింపవచ్చును. ఇండ్లలో పెండ్లి వీడియోలు, తాతగారి ఫొటోలు దాచుకొన్నవారి సంగతియు ఇంతే.

ఇక ఆ కనబడని 60 గిగాబైట్ల మాట. ఒక రైతునకు నాలుగెకరముల పొలము కలదు. దానిని ఆనుకొనియున్న ఆరెకరములు కొన్నాడు, రిజిస్ట్రీ యైనది. మరునాడు పోయి చూచిన, పైరు నాలుగెకరములలోనే యున్నది. ఏల? గట్టు పాతచోటనే యున్నది. ఆ గట్టు త్రవ్వి కొత్త హద్దున వేసినను, వెనుకటి కరణము చిట్టాలో ఆ ఆరెకరములు ఎక్కువరకు పని పూర్తియైనట్లు కాదు. సెట్టింగులలో 100 అని వ్రాయుట భూమిని కొనుట. గెస్టు లోపలనున్న పార్టిషను గట్టు. ఆ పార్టిషనుపై వేసిన ఫైల్ సిస్టము కరణము చిట్టా. ఏ దస్త్రము ఏ గళ్లలో నున్నది, ఏ గళ్లు ఖాళీ అను లెక్క అందులో ఉండును. హోస్టుపైనున్న ప్రోగ్రాము భూమిని అమ్మగలదు గాని సామాన్యముగా ఆ చిట్టా జోలికి పోదు. లోపల విండోస్ ఉన్నదో, లినక్స్ ఉన్నదో దానికి పట్టదు. కాబట్టి గట్టును, చిట్టాను గెస్టు లోపలినుండి మనమే జరుపవలెను. పెంచునపుడు ముందు భూమి, తరువాత గట్టు, పిమ్మట చిట్టా. తగ్గించునపుడు ఈ వరుస సరిగా తలక్రిందులగును. మాకు ఉత్తరములు వ్రాసిన రెండు రకముల వారిలో మొదటివారు వరుసను నడుమనే ఆపినారు. రెండవవారు తప్పు చివరనుండి ఆరంభించినారు.

విండోస్ గెస్టులో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి చూచిన, సి భాగమునకు ఆవల నల్లని పట్టీతో అన్‌అలొకేటెడ్ అని 60 గిగాబైట్లు కనబడును. పోయినవనుకొన్నవి ఇవియే. సి భాగముపై మౌసు కుడిమీట నొక్కి, ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అను ఆజ్ఞ ఇచ్చినచో గట్టును చిట్టాయు ఒక్కసారే జరుగును, యంత్రమును ఆపనక్కరలేదు. కాని పలుచోట్ల ఆ ఆజ్ఞ మసకబారియుండి నొక్కినను పలుకదు. కారణమేమన, ఇటీవలి విండోస్ తనకు జబ్బుచేసినపుడు ఉపయోగించు రికవరీ పార్టిషనును సి భాగము వెనుకనే పెట్టుకొనును. మన పొలమునకును, కొత్తగా కొన్న పొలమునకును నడుమ వేరొకరి బావిదొడ్డి ఉన్నట్లు. విండోస్ వారి పనిముట్టు ఆనుకొనియున్న చోటునే కలుపుకొనగలదు, బావిని దాటి పోలేదు. జీపార్టెడ్ వంటి సాధనము గల ఐ.ఎస్.ఓ. దస్త్రముతో యంత్రమును బూటు చేసి, ఆ రికవరీ భాగమును చిట్టచివరకు జరిపిన పిమ్మట దారి తెరచుకొనును. కొందరు దానిని తుడిచివేయుటయే సులభమందురు. పూర్తి ప్రతిని వేరుగా దాచుకొన్నవారు ఆ పని చేసినను పెద్ద ముప్పు లేదు. తక్కినవారికి మేము సలహా ఇయ్యజాలము.

లినక్స్‌లో గట్టు జరుపుటకు గ్రోపార్ట్ అను ఆజ్ఞ కలదు. చిట్టా పెంచుటకు, ఫైల్ సిస్టము ఎక్స్‌ట్-4 జాతిదైనచో రీసైజ్-టూ-ఎఫ్‌ఎస్, ఎక్స్.ఎఫ్.ఎస్. జాతిదైనచో ఎక్స్.ఎఫ్.ఎస్.-గ్రోఎఫ్‌ఎస్. ఎల్.వి.ఎం. అను ఏర్పాటు వాడువారికి పార్టిషనునకు ఫైల్ సిస్టమునకు నడుమ మరియొక అంతస్తు ఉండును; దానిని గూడ పెంచిన గాని పని సాగదు. ఎక్కడ ఆగిపోతిమో తెలిసికొనుటకు మంచి ఉపాయ మొకటి చెప్పెదము. ఎల్.ఎస్.బి.ఎల్.కె. అను ఆజ్ఞ భూమిని, గట్టులను చూపును, డి.ఎఫ్. అను ఆజ్ఞ చిట్టాను చూపును. మొదటిదానిలో డిస్కు 100, పార్టిషను 40 అని ఉన్నచో గట్టు జరుగలేదు. రెండును 100 అయి, డి.ఎఫ్. 40 అనుచున్నచో చిట్టా పెరుగలేదు. డిస్కే 40 అనుచున్నచో వెలుపల చేసిన మార్పు ఈ యంత్రమునకు ఇంకను అందలేదు.

ఈ సందర్భమున భయపెట్టు ప్రశ్న యొకటి ఎదురగును. నేటి డిస్కులపై హద్దుల పట్టిక జి.పి.టి. పద్ధతిలో ఉండును. ఆ పట్టిక నకలొకటి డిస్కు చిట్టచివర దాచబడును. డిస్కు పెరిగిన పిమ్మట నిన్నటి చివర నేడు నడిమధ్య యగును. సాధనము దానిని చూచి, నకలు చివరలో లేదు, సవరింపనా అని అడుగును. ఇది కీడు కాదు, సవరింపుమనవలెను. పాత ఎం.బి.ఆర్. పద్ధతిలో ఈ గొడవ లేదు గాని అది 2 టెరాబైట్లను దాటి లెక్కింపజాలదు. 512 బైట్ల గళ్లను లెక్కించుటకు అందు 32 బిట్లే కేటాయించిరి.

తగ్గింపు వేరు కథ. వెలుపలనే 100 కొట్టివేసి 40 అని వ్రాయబోవువారు కలరు. వర్చువల్‌బాక్స్ ఆ మాట వినదు. దానికి పెంచుట తప్ప తగ్గించుట లేదు. క్యూఎము, ష్రింక్ అను మాటను ప్రత్యేకముగా చేర్చి వ్రాసిన గాని అంగీకరింపదు. అంత పట్టుబట్టుట దాని మర్యాద. పట్టు విడిపించుకొని వ్రాసితిమా, చివరి 60 గిగాబైట్లను కత్తిరించి పారవేయును. అందేమున్నదో అది చూడదు. "మేము వాడినది 20 గిగాబైట్లే గదా, నష్టమెట్లు కలిగెను?" అని ఒకరు వ్రాసినారు. దస్త్రములు పొలము మొదటనే కుప్పపడి యుండవు. ఫైల్ సిస్టము వాటిని తనకు వీలైన రీతిని అంతటా పరచును. ఒక దస్త్రము మొదలు ఒకచోట, కొస మరియొకచోట నుండవచ్చును.

సరియైన వరుసలో చేయుదమన్నను ఇది సుకరము కాదు. ఎక్స్‌ట్-4ను కుదించుటకు దానిని ముందు అన్‌మౌంట్ చేసి, దోషములున్నవేమో పరీక్షించి, ఆపై చిట్టాను, పిదప గట్టును, చివరకు భూమిని తగ్గించవలెను. గట్టు చిట్టాకంటె ఒక్క గడి లోపలికి పడినను అపాయము. ఎక్స్.ఎఫ్.ఎస్. విషయమున కుదింపునకు ఆశ పెట్టుకొనరాదు. అందుచేత తగ్గించుట అనవసరమని మా అభిప్రాయము. కావలసిన కొలతలో కొత్త డిస్కు నొకటి చేసి, దానిని అదే యంత్రమునకు రెండవ డిస్కుగా తగిలించి, దస్త్రములను అందులోనికి నకలు చేసి, సరిచూచి, పాతదానిని కొన్నాళ్లు అట్లే ఉంచవలెను. 1960 దశకపు ఆ మినీడిస్కు వారి మోటు పద్ధతి ఇదియే. దీనిలో ఏ నిమిషమున కరెంటు పోయినను పాత డిస్కు చెక్కుచెదరదు.

తగ్గింపవలెనని కోరువారిలో అనేకులకు నిజముగా కావలసినది తగ్గింపే కాదు. వారి చింత, హోస్టుపై ఉబ్బిన పురి. గీత 100 వద్దనే యుండనిచ్చి, ఖాళీ గళ్లను సున్నలతో నింపి, యంత్రమును ఆపి, కాంపాక్ట్ అను ఆజ్ఞ ఇచ్చినచో 70కి ఉబ్బిన దస్త్రము లోపల నిజముగా ఉన్నంతకు దిగివచ్చును. ఈ పనిలో గట్టులకు గాని చిట్టాకు గాని జోక్యము లేదు.

పురుల విషయమున వేరొక ప్రమాదము కలదు. హోస్టుపై 250 గిగాబైట్లే ఖాళీ యుండగా ఐదు యంత్రములకు 100 చొప్పున మాట ఇచ్చితిమనుకొందము. అన్నియు సగము నిండువరకు ఎవరికిని ఏమియు తెలియదు. ఆ పిమ్మట ఒకనాడు హోస్టు నిండిపోవును. గెస్టు లోపల చూచిన ఇంకను 50 ఖాళీయే. కాని వ్రాయబోయిన వ్రాత పడదు. వర్చువల్‌బాక్స్ అట్టి సమయమున యంత్రమును నిలిపివేసి హెచ్చరించును. చోటు కల్పించి తిరిగి నడుపవచ్చును. ధ్వనిని ముద్రించుచున్న నడుమ అది నిలిచినచో మాత్రము ఆ నిమిషములు పోయినట్లే. కావున గెస్టు చూపు అంకెను గాక హోస్టు చూపు అంకెను కనిపెట్టి యుండవలెను.

ఏ మార్పునకైనను ముందు స్నాప్‌షాటులను చూచుకొనవలెను. స్నాప్‌షాటు తీసిన క్షణమునుండి మూల దస్త్రము కదలక నిలిచి, కొత్త వ్రాతలన్నియు పక్కనున్న వేరొక దస్త్రములో పడుచుండును. మూలమును మాత్రము పెంచినచో ఆ పిల్ల దస్త్రమునకు సంగతి తెలియదు. వి.యం.వేర్ స్నాప్‌షాటులున్నంతవరకు డిస్కును పెంచనే పెంచనీయదు. స్నాప్‌షాటు ఉన్నది గదా, ప్రతి ఎందుకు అనువారు కలరు. మూల దస్త్రము చెడినచో దానిపై ఆధారపడిన స్నాప్‌షాటును చెడును. రెండును ఒకే డిస్కుపై నున్నవి. ప్రతి యనగా యంత్రమును పూర్తిగా షట్‌డౌన్ చేసి, నిద్రపుచ్చి కాదు, దాని దస్త్రములను వేరొక డిస్కుపైకి నకలు చేసికొనుట. మా వృత్తిలో మరియొక అలవాటు కలదు. ఆ నకలునుండి యంత్రమును లేపి, ఏదేని ధ్వని దస్త్రమును తెరచి, మొదట కొంత, నడుమ కొంత, చివర కొంత చెవితో విన్న తరువాతనే దానిని ప్రతి యందుము.

ఇతర సెట్టింగులను గూర్చి రెండు మాటలు. మెమరీని, ప్రాసెసర్ల సంఖ్యను మార్చుట నిరపాయము. యంత్రమును ఆపి అంకె మార్చిన చాలును, మెచ్చకున్న తిరిగి మార్చవచ్చును. హోస్టుకు తన పనికి కావలసినంత మిగుల్చుట మాత్రము మరువరాదు. డిస్కు కంట్రోలరు జాతి అట్టిది కాదు. వేగము వచ్చునని విని ఐ.డి.ఇ. నుండి సాటాకో, విర్టియోకో ఒక్కసారి మార్చినచో, ఆ కొత్త కంట్రోలరునకు తగిన డ్రైవరు లేని విండోస్ తన డిస్కును తానే కనుగొనలేక నీలి తెర చూపి ఆగిపోవును. డిస్కు చెడలేదు; కంట్రోలరును పూర్వపుదానికి మార్చిన మరల లేచును. ముందుగా డ్రైవరును స్థాపించి, కొత్త కంట్రోలరుపై ఒక చిన్న ఖాళీ డిస్కును తగిలించి, గెస్టు దానిని గుర్తించినదని చూచిన పిమ్మట అసలు డిస్కును మార్చుట ఉచితము.

క్యూఎములో కాష్ అను సెట్టింగునకు అన్‌సేఫ్ అను విలువ యొకటి కలదు. దానిని పెట్టిన వేగము నిజముగా పెరుగును. వ్రాసినదానిని డిస్కునకు చేర్చుమని గెస్టు వేడుకొన్నను, చేరినదని అబద్ధమాడి ఊరకుండుటవలన వచ్చిన వేగమది. ప్రయోగమునకు నడుపుచు రేపు తుడిచివేయు యంత్రమునకు అది చెల్లును. కరెంటు పోయినపుడు మిగులవలసినది ఏదైనను అందున్నచో ఆ విలువను ముట్టరాదు.

అద్దెకు తెచ్చుకొను క్లౌడు యంత్రములను గూర్చియు కొందరు అడిగినారు. అమెజాన్ వారి ఇ.బి.ఎస్. డిస్కులను యంత్రము నడుచుచుండగనే పెంచవచ్చును. గట్టును, చిట్టాను లోపల జరుపు పని మాత్రము అక్కడను మనదే. తగ్గించుటకు వీలు లేదు. వాడిన చోటునకు గాక అడిగిన చోటంతటికి అద్దె పడును. కాబట్టి అట్టిచోట్ల చిన్నదానితో ఆరంభించి, నిండవచ్చినపుడు పెంచుకొనుట మేలు. ఎక్కువ అడిగి చిక్కుకొన్నవారు కొత్త చిన్న డిస్కు తీసి, పైన చెప్పినట్లే దస్త్రములను మోసికొని పోవలసియుండును.